రామక్క మందుకు చల్లటి చోటు

రామక్కకు షుగరుందని హిందూపురం డాక్టరు చెబుతున్నప్పుడు ఆమె కిటికీ అవతల ఆగి ఉన్న జట్కా గుర్రాన్ని చూస్తూ కూర్చుంది. మాత్రలకు లొంగే దశ దాటిపోయిందనీ, రోజూ రెండు పూటలా అన్నానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలనీ ఆయన చెప్పాడు. పక్కన నిలబడ్డ ఆమె మొగుడు ముత్యాలప్ప దినామూనా అని రెండుసార్లు అడిగాడు. రామక్క మాత్రం "సరే" అంది. పొద్దున ఆమెను కాఫీ తాగుతావా అని అడిగినా ఇట్లాగే సరే అని ఉండేది.

వాళ్ళది మడకశిర పక్క పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెలే జీవనం. ఏటా శివరాత్రి దాటాక ఊళ్ళో పచ్చగడ్డి మిగలదు. అప్పుడు ఎద్దులబండిలో బియ్యం, గిన్నెలు, కంబళ్ళు, రాత్రి మంద చుట్టూ కట్టే వల, నడవలేని గొర్రెపిల్లల గంపా సర్దుకుని మందను తోలుకుని బయలుదేరతారు. కళ్యాణదుర్గం, రాయదుర్గం దాటి కణేకల్లు దగ్గర కాలువ కింది భూముల దాకా నడక. కోతలైన మళ్ళలో మంద ఆపితే ఎరువు పడుతుందని రైతులు గింజలిస్తారు. మళ్ళీ వానలు పడేదాకా ఆ బండే ఇల్లు. రామక్క కాపురానికి వచ్చిన నాటి నుంచీ ప్రతి ఎండాకాలమూ ఆమెకు అట్లాగే గడిచింది. కూతురు చిన్నక్క నడక నేర్చింది కూడా ఒక వరిమడి గట్టు మీదే.

2001లో మంద తిరిగి వస్తుండగా కళ్యాణదుర్గం ఇవతల మొదటి వాన పట్టుకుంది. అందరూ ఎదురుచూస్తున్న వాన. పక్క చేలల్లో రైతులు తడుస్తూ నవ్వుతున్నారు. విడిపోయిన గొర్రెపిల్లల్ని తేవడానికి చిన్నక్క పరుగెత్తింది. పిడుగు పడింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. వీళ్ళు దగ్గరికి చేరి కదిపినా ఆమె గానీ ఆమె చేతిలోని గొర్రెపిల్ల గానీ లేవలేదు.

చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరి ఏడ్చారు. రామక్కను పట్టుకుని "ఏడువమ్మా, ఏడిస్తే గుండె బరువు దిగుతాది" అని బతిమాలారు. ఆమె వాళ్ళ ముఖాలు చూసి, బండిలో బియ్యం తడవకుండా పట్ట కప్పినారా అని అడిగింది. ఆ రోజు నుంచీ అంతే. వండేది, పాలు పితికేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తనంతట తాను మాట్లాడేది కాదు. ఆ చలికాలంలో చిక్కిపోయి, ఎంత నీళ్ళు తాగినా దప్పిక తీరక ఇబ్బంది పడుతున్నా ఎవరికీ చెప్పలేదు. ముత్యాలప్పే చూసి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

సూది వేయడం అతనికి సారా అనే నర్సు నేర్పింది. ఆమె హిందూపురంలోనే ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసేది. ముందు వంకాయకు గుచ్చి చూపించి, తరువాత అతని చేత రామక్క పొట్టకు వేయించింది.

"మందును చల్లటి చోట పెట్టాల పెద్దాయనా. ఎండ తగిలితే చెడిపోతాది. అట్లని మంచులో పెడితే గడ్డకట్టి అప్పుడూ చెడిపోతాది. చెడినా ఒక్కోసారి చూస్తే తెలీదు."

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మందు కూల్‌డ్రింకుల అంగడివాళ్ళ ఫ్రిజ్జులో గడిచిపోయింది. శివరాత్రి వచ్చింది. ఆ ఏడు వాన సరిగా పడలేదు. ఊళ్ళో గొర్రెలకు వేపమండలు కూడా మిగలలేదు. మంద కదలక తప్పదు. రామక్కను ఒంటరిగా ఇంట్లో వదిలితే సూది వేసేవాళ్ళు లేరు, వేళకు తిన్నదో లేదో చూసేవాళ్ళూ లేరు.

"ఏం జేద్దామే?" అన్నాడు ముత్యాలప్ప.

"ఉండమంటే ఉంటా. రమ్మంటే వస్తా."

రమ్మన్నాడు. ఇక బండి మీద పోయే ఫ్రిజ్జు కావాలి.

ఇద్దరూ కలిసి హిందూపురంలో ఫ్రిజ్జులమ్మే అంగడికి పోయారు. అంగడాయన ఒక దాని తలుపు తీసి చూపించాడు. ముత్యాలప్ప లోపల చెయ్యి పెట్టి, వెనక్కి పోయి తీగను చూసి, కరెంటు లేకుంటే ఎట్లని అడిగాడు.

"కరెంటు లేకుంటే ఇది బీరువా అప్పా. గుడ్డలు పెట్టుకోవచ్చు" అన్నాడాయన. ఎగతాళికి కాదు. నిజం అంతే.

అక్కడి నుంచి సారా దగ్గరికి పోయారు. ఆమె వాళ్ళను ఆసుపత్రి వెనక సామాన్ల గదిలోకి తీసుకుపోయింది. ఒక మూల పాత ఫ్రిజ్జు ఉంది. కింద దీపం వెలిగిస్తే పైన చల్లబడేది. ఊళ్ళకు కరెంటు రాకముందు టీకా మందులు అందులోనే ఉంచేవారట. మంట వల్ల చల్లదనం వస్తుందంటే ముత్యాలప్పకు నమ్మకం కలగలేదు. సారా అన్నీ విప్పి చూపించింది.

"ఇది కదలకుండా సమంగా ఉండాల. కొంచెం వాలినా పనిచెయ్యదు. మీ బండి దినామూ నడుస్తాది గదా. మంట కూడా గాలికి ఆరిపోతాది."

"మరి మాకేం దోవ సిస్టరమ్మా?"

అప్పుడామె రెండు మట్టికుండల సంగతి చెప్పింది. పెద్దకుండలో ఇసక పోసి, అందులో చిన్నకుండ దించి, ఇసకను ఎప్పుడూ తడిగా ఉంచాలి. చిన్నకుండలో మందు పెట్టి పైన తడిగుడ్డ కప్పాలి. పొడి గాలి తగిలేకొద్దీ లోపల చల్లబడుతుంది. ఫ్రిజ్జంత కాకపోయినా, వాడుతున్న సీసా నెల దాకా పాడవదు.

ముత్యాలప్ప తల ఊపాడు గానీ అతనికి మనసొప్పలేదు. పిల్ల పోయాక మిగిలిన ఒక్క మనిషి ప్రాణాన్ని కుండలో పెట్టి నడవడం ఏమిటనిపించింది. మడకశిరలో ట్రాక్టర్ల వైరింగు పనిచేసే ఓబుళేసును కలిశాడు. ఓబుళేసు వరసకు అతనికి అల్లుడు. బెంగుళూరు వాళ్ళు కార్లలో కూల్‌డ్రింకులకు పెట్టుకునే పెట్టె ఒకటి పాత వ్యాను నుంచి ఊడదీసింది ఉందని తెచ్చి చూపించాడు. నీలం రంగు, తెల్ల మూత, పక్కన చిన్న ఫ్యాను. ట్రాక్టరు బ్యాటరీకి తగిలిస్తే గుయ్యిమని తిరిగింది. సాయంత్రానికి లోపల పెట్టిన నీళ్ళసీసా చల్లగా అయింది.

"మామా, ముందే చెప్తాండా. బ్యాటరీ ఒక దినం కంటే రాదు. రెండు పెట్టుకోండి. ఒకటి ఊళ్ళో చార్జింగుకిచ్చి ఇంకోటి తగిలించుకోండి. ఎండ జాస్తి అయితే ఇదీ అంతగా చల్లబడదు."

"అత్తనడుగు" అన్నాడు ముత్యాలప్ప.

ఓబుళేసు అడిగాడు. "ఏదైనా ఒకటే" అంది రామక్క.

ముత్యాలప్ప ఒక మంచి పొట్టేలును అమ్మి ఆ పెట్టెను, రెండు బ్యాటరీలను కొన్నాడు.

మొదట్లో బాగానే సాగింది. మంద ఆపిన ప్రతిచోటా ముత్యాలప్ప బ్యాటరీని సైకిలు వెనక కట్టుకుని దగ్గరి ఊరికి పోయేవాడు. ఇంత బరువు మోస్తూ తిరగడం చూసి తోటి గొర్రెలవాళ్ళు నవ్వితే అతనూ నవ్వేవాడు. రాయదుర్గం దాటి వెంకటలక్ష్మమ్మ అనే రైతు పొలంలో మంద ఆపిన నాటికి ఎండ ముదిరింది. మొగుడు పోయాక సేద్యమంతా ఆమే చూసుకునేది. ఆ ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు లేదు. పక్క ఊరిదీ ఆ లైనే. ముత్యాలప్ప రాయదుర్గం పోయి బ్యాటరీ ఇచ్చి, మరునాడు తేవడానికి మళ్ళీ పోయాడు. ఈలోపు పెట్టె ఫ్యాను ఆగిపోయింది. మూత బిగించిన పెట్టె పట్ట కింద బండిలో కాగుతూ ఉండిపోయింది. తిరిగి వచ్చి బ్యాటరీ తగిలించాక పెట్టె మళ్ళీ చల్లబడింది. లోపలి మందు అప్పటికే చెడిపోయిందని అతనికి తెలియలేదు. వేళ తప్పకుండా సూది వేస్తూనే వచ్చాడు.

రామక్క రోజు రోజుకూ నెమ్మదించింది. పొయ్యి ముందు కూర్చుని మంట వైపు చూస్తూ ఉండిపోయేది. పిలిస్తే ఆలస్యంగా పలికేది. ముత్యాలప్పకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. ఏడాదిగా ఆమె అట్లాగే ఉంది. ఆమెకు కూడా తేడా తెలిసిందో లేదో. లోపల ఎప్పటి నుంచో ఏమీ లేనట్టే ఉండేది. ఇప్పుడు ఒళ్ళు కూడా మనసు దారినే పోతోంది, అంతే. దప్పికైతే లేచి తాగేది. వాంతయితే మట్టి కప్పి వచ్చి మళ్ళీ కూర్చునేది.

మంద లెక్క మాట్లాడుకోవడానికి వచ్చిన వెంకటలక్ష్మమ్మ ఆమెతో రెండు మాటలు మాట్లాడి, వంగి ముఖం దగ్గర ముఖం పెట్టి చూసింది.

"ఏమప్పా, ఈయమ్మ నోటినుంచి మాగిన పండు వాసనొస్తాంది. ఊపిరి చూడు ఎట్ల లాగుతాందో. ఎన్ని దినాలైంది ఇట్ల?"

"పిల్ల పోయినప్పటి నుంచి ఇంతేనమ్మా."

"పిల్ల పోతే ఊపిరి ఇట్ల కొట్టుకోదు. నా మొగుడు షుగరుతోనే పోయినాడు. లెయ్, బండి కాదు, ట్రాక్టరెక్కించు!"

ట్రాక్టరులో రాయదుర్గం ఆసుపత్రికి, అక్కడి నుంచి జీపులో బళ్ళారికి. దారిలోనే రామక్కకు తెలివి తప్పింది. గొర్రెలు ఏమవుతాయో ముత్యాలప్ప అడగలేదు. మందను వెంట వచ్చిన అతని తమ్ముడి కొడుకూ వెంకటలక్ష్మమ్మ మనుషులూ చూసుకున్నారు.

మూడో నాడు నర్సు సెలైను మార్చడానికి చేతికి సూది గుచ్చితే రామక్క కళ్ళు తెరిచింది.

"మెల్లగ గుచ్చమ్మా. నొస్తాంది" అంది.

మంచం పక్కన ఉన్న ముత్యాలప్ప లేచి వరండాలోకి పోయాడు. చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. మందు పెట్టెలోనే చెడిపోయిందని డాక్టరు అప్పటికే చెప్పాడు. వచ్చాక పెట్టె పాడుగాను అని ఏదో తిట్టబోయాడు.

"నన్నడిగి కొనుండచ్చు గదా" అంది ఆమె.

"అడిగినా గదమే. ఏదైనా ఒకటే అంటివి."

"అంటి. అప్పుడొకటే" అంది. తరువాత, "ఆ సిస్టరమ్మ చెప్పిన కుండలు ఈ పక్క దొరుకుతాయేమో కనుక్కో."

బళ్ళారి నుంచి వస్తూ కుమ్మరి దగ్గర దిగి కుండలు ఆమే ఎంచింది. వేలితో తట్టి చూసి, దళసరివి వద్దని పక్కన పెట్టింది. ఇసక హగరి ఏటి నుంచి తెచ్చారు. ముందు అందులో మంచినీళ్ళు పెట్టి, మధ్యాహ్నం ముత్యాలప్పకు ఇచ్చింది. తాగి చూసి అతను బ్యాటరీలను బండి అడుగున కట్టేశాడు. ఊరు చేరాక పెట్టెను ఓబుళేసుకే తిరిగి ఇచ్చేశారు.

ఆ తరువాత ఇంకొన్ని ఎండాకాలాలు వాళ్ళు కుండలతోనే తిరిగారు. చివరికి రామక్క పాదాలు మొద్దుబారి, ముల్లు దిగినా తెలియని స్థితి వచ్చింది. ఒక వేలు తీసేశారు. 2007లో మందను తమ్ముడి కొడుక్కు అప్పగించి ఇద్దరూ ఊళ్ళో ఉండిపోయారు. అయితే అన్నిటికంటే కష్టమైనది కుండలతో బయలుదేరిన మొదటి ఏడు, 2003.

ఆ ఏడు చల్లదనం కంటే నీళ్ళు దొరకడం గగనమైంది. కాలువ ఎండిపోయింది. బోర్లు కూడా చాలా మటుకు గాలే పోస్తున్నాయి. ఇసక తడపడానికి పొద్దునా సాయంత్రమూ చెంబెడు నీళ్ళు కావాలి. బియ్యం కడిగిన నీళ్ళు పోసినా చాలేవి కావు. ముత్యాలప్ప మందతో దూరం పోయేవాడు కనుక అడగాల్సింది రామక్కే. బిందె తీసుకుని ఇల్లిల్లూ తిరిగేది.

"గొర్రెలకు నీళ్ళు లేవుపో" అనేవాళ్ళు కొందరు.

"గొర్రెలకు గాదమ్మా. నా మందుకు. ఒక చెంబు."

మందుకు నీళ్ళెందుకని అడిగేవాళ్ళు. చెప్పేది. షుగరెప్పుడొచ్చింది, ఎవరు చూసుకుంటారు, పిల్లలెంతమంది అని అడిగేవాళ్ళు. ఆడవాళ్ళు అడిగే మాటలే.

"ఒకతే కూతురు. పిడుగు పడి పోయింది."

మొదటిసారి ఆ మాట తన నోటినుంచి వచ్చినప్పుడు ఊరిపేరు చెప్పినట్టే చెప్పింది. ఏమీ అనిపించలేదు. ఊరూరా చెప్పాల్సి వచ్చింది. ప్రతిచోటా ఆడవాళ్ళు జాలిగా చప్పరించి ఒక చెంబుకు రెండు చెంబులు పోశారు. కూతురి చావు చెప్పి నీళ్ళు తెచ్చుకుంటున్నానా అని ఒకచోట ఆమెకు తోచింది. ఆ పూట బిందె అక్కడే పెట్టి వట్టి చేతులతో వచ్చేసింది. మందు చెడిపోతుందని ముత్యాలప్ప పోయి తెచ్చాడు. మరునాడు మళ్ళీ తనే పోయింది.

వెంకటలక్ష్మమ్మ పొలం చేరేసరికి ఎండలు ముదిరాయి. ఆమె బోరు కూడా సన్నంగా పోస్తోంది. తన ఇంటికి తెచ్చుకున్న నీళ్ళలోనుంచే బిందె నింపి, రామక్కను అరుగు మీద కూర్చోబెట్టింది.

"నీ కూతురు పేరేమన్నావు?"

"అనలేదు. చిన్నక్క."

"ఎట్లుండేది?"

ఇదివరకు ఎవరూ ఆ మాట అడగలేదు. ఎట్లా పోయిందనే అడిగారు. రామక్క బిందె అంచు పట్టుకుని ఆలోచించింది.

"పొడుగు. నాకంటే పొడుగు. ఈలేసేది మగపిల్లోనట్ల. ఆ ఈలకు మందంతా నిలబడేది. నేనెంత కసురుకున్నా మానలే" అంది. బిందెను పక్కకు జరిపి, "ఇప్పుడు మంద ఎవురి మాటా వినదు" అంది.

వెంకటలక్ష్మమ్మ లోపలికి పోయి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. రామక్క ఉప్పు చాలలేదని చెప్పి, ఇంకొంచెం వేయించుకుని తాగింది. తరువాత బిందెను చంకకెత్తుకుని, నీళ్ళు తొణకకుండా గట్టు మీదుగా బండి దగ్గరికి నడిచింది.