కాటుక పేరు పలికే ముందు

అక్టోబరు నెల, రెండో ఆదివారం. కాపెల్, టెక్సస్.

మా వియ్యపురాలు, అంటే మా అమ్మాయి అత్తగారు, పోయిన వారం కన్నుమూశారు. నిన్న తెలుగు చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూటం జరిగింది. నర్సుగా ఆవిడ చేసిన సేవ గురించి చెప్పారు. భక్తి గురించి చెప్పారు. ఎవరింట్లో కష్టం వచ్చినా క్యారేజీ పట్టుకుని ఎలా వెళ్ళేవారో చెప్పారు. అన్నీ నిజాలే. కానీ ఇన్నేళ్ళుగా ఆవిడ తెల్లవారకుండానే లేచి ఎక్కడికి వెళ్ళేవారో ఒక్కరూ చెప్పలేదు. కాలేజీలో అకౌంట్సు పాఠం చెప్పినదాన్ని. ఒక పద్దు వదిలేస్తే మిగిలినవన్నీ సరిగా ఉన్నా లెక్క తేలదు. ఆ పద్దు రాయడానికి కూర్చున్నాను. పైగా వచ్చే శనివారం ఒక పని ఉంది. కూటానికి వచ్చిన మీలో కొందరు చూడ్డానికి వస్తామన్నారు. అది మీకు ముందే తెలియాలి.

వారంలో రెండు రోజులు చీకటితోనే ఆవిడ కారు, నేనుండే మా అమ్మాయి ఇంటి ముందు ఆగేది. ఆవిడ పోయిన రోజు కూడా నేను బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఆలస్యం ఆవిడకి అలవాటు లేదు. వెలుగు వచ్చింది. ఫోన్ తీయడం లేదని మా అమ్మాయీ అల్లుడూ రెండు వీధుల అవతల ఉన్న ఆవిడ ఇంటికి వెళ్ళారు. చాలాసేపటికి అల్లుడు ఒక్కడే తిరిగొచ్చాడు. వెళ్ళింది కారులో, వచ్చింది నడుచుకుంటూ, పక్కన నల్ల కుక్కతో.

"అత్తయ్యా, మీరు లోపలికి రండి," అన్నాడు. నేను బూట్లు విప్పుకున్నాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఆ కుక్క పేరు కాటుక. లాబ్రడార్ ఆడకుక్క. వేటగాళ్ళు కొట్టిన బాతు నీళ్ళలో పడినా, నడుం లోతు గడ్డిలో పడినా వెతికి, పంటిగాటు పడకుండా నోట కరుచుకొచ్చి చేతికివ్వడం ఆ జాతి పని. ఆ పని నేర్పే క్లబ్బులూ, పెట్టే పరీక్షలూ టెక్సస్‌లో చాలా ఉన్నాయి. మా వియ్యపురాలిది నరసాపురం. తుపాకీ ముట్టుకున్న మనిషి కాదు. రిటైరైన ఏడాది, హాస్పిటల్లో కలిసి పనిచేసిన ఒకావిడ ఈ కుక్కపిల్లని ఒళ్ళో పెట్టి వెళ్ళింది. "ఖాళీగా కూర్చుంటే ఇది సోఫా తినేస్తోంది వదినగారూ, దీనికో ఉద్యోగం చూడాలి," అని క్లబ్బులో చేరారు.

నాకు ఇవేవీ తెలియవు. నేను శాకాహారిని. కుక్కని గడప దాటనిచ్చేదాన్ని కాదు. ఒకసారి ఆవిడ గరాజ్‌లోని ఫ్రీజర్‌లో మునక్కాయ ముక్కలు ఉన్నాయంటే తీసుకోబోయాను. మూత ఎత్తితే సంచుల్లో వరసగా బాతులు, ఈకలతో సహా.

"వదినగారూ, మీ ఫ్రీజర్‌లో శవాలున్నాయి," అన్నాను.

"శవాలు కావండీ, స్టడీ మెటీరియల్," అన్నారావిడ కాఫీ కలుపుతూ. "మీ మునక్కాయలు కింద అరలో, డబ్బాలో ఉన్నాయి. వాటికీ వీటికీ మాటల్లేవు."

"మా ఇంటికి వచ్చేటప్పుడు చేతులు కడుక్కుని రండి."

"జీవితమంతా నర్సుని. చేతులు కడగడం మీరు నేర్పాలా?"

ఆ నెలలోనే అన్నారు, "ఇంట్లో అందరి మీదా ఉదయం నుంచీ విసుక్కుంటున్నారట. మా క్లబ్బు పొలానికి వచ్చి బొమ్మలు విసరండి. ఓపిక ఊరికే పోవడం ఎందుకు?"

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కుక్కకి దూరం నుంచి కనబడేలా చీర మీద తెల్ల కోటు తొడుక్కుని, చెరువుకి అవతలి గట్టు మీద నిలబడి, ఆవిడ చెయ్యెత్తగానే బాతు బొమ్మని గాలిలోకి ఎంత ఎత్తుగా వీలైతే అంత ఎత్తుగా విసరడం నా పని. ఆవిడ ఇవతల నిలబడేవారు, ఎడమ పక్కన కాటుక. బొమ్మ గడ్డిలో పడేది. కాటుక కదిలేది కాదు. చూసేది. ఆవిడ ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు పలికేవారు దాని పేరు. ఒక్కసారే. అంతే, నల్లగా ఒక గీత గీసినట్టు వెళ్ళేది.

ఆ ఆటలో కుక్క పేరే దాన్ని పంపే మాట. 'వెళ్ళు' అనరు, పేరు అంటారు. అందుకని ఇంట్లో ఆవిడ దాన్ని ఎప్పుడూ 'పిల్లా' అనే పిలిచేవారు. 'కూచో', 'ఉండు', 'ఇవ్వు', అన్నీ తెలుగులోనే. క్లబ్బులో తెల్లవాళ్ళు నవ్వితే, "మీ కుక్కలకి ఒక భాషే వచ్చు పాపం," అనేవారు. పేరు మాత్రం పొలంలోనే. "ఊరికే పలికితే అరిగిపోతుంది వదినగారూ. పేరు పలికామంటే అక్కడ ఏదో ఒకటి పడి ఉండాలి. అబద్ధం ఆడకూడదు దానితో."

ఒక పరీక్షకి చర్చి నుంచి ఆవిడ స్నేహితులు పులిహోర, మడత కుర్చీలు పట్టుకుని వచ్చారు. ఆవిడా కాటుకా వెళ్ళి, కుక్కని పంపే గీత దగ్గర నిలబడ్డారు. ఆకాశంలోకి బాతు లేచింది. జడ్జి ఇంకా అనుమతి ఇవ్వలేదు. వెనక నుంచి ఒక పెద్దావిడ ముద్దుగా, మనింటి పిల్ల స్టేజీ ఎక్కితే పిలిచినట్టు, "కాటుకా!" అని చప్పట్లు కొట్టింది. కాటుక వెళ్ళిపోయింది. అక్కడితో పరీక్ష పోయింది. ఆ పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మా వియ్యపురాలు ముందు పులిహోర వడ్డించమన్నారు. "పిలిస్తే వెళ్ళింది. దాని తప్పు లేదు, మీ తప్పూ లేదు. జీడిపప్పు ఎక్కువ పడ్డ చోటు నుంచి నాకు పెట్టండి."

ఆ పరీక్షల్లో ఇంకొకటి ఉంటుంది. తన వంతు అయిపోయిన కుక్క పక్కన కూర్చుని, ఇంకో కుక్క పని చేస్తుంటే చూడాలి. బాతు కళ్ళముందే పడుతుంది. అది దానిది కాదు. లేవకూడదు. క్లబ్బులో దీన్ని ఆనర్ అంటారు. ఆవిడ మర్యాద అనేవారు. "తేవడం జాతిలోనే ఉంది, ఏ కుక్కయినా తెస్తుంది. మనది కాదని ఊరుకోవడమే పెద్ద చదువు." కాటుక కదలకుండా కూర్చునేది గానీ ఒళ్ళంతా సన్నగా వణికేది.

మా అమ్మాయి ఇంట్లో ఆవిడ అలాగే కూర్చునేవారు. మా అమ్మాయి ఉద్యోగం మారతానంటే నేను గొడవ చేశాను. మనవరాలిని పియానో మాన్పిస్తే గొడవ చేశాను. సాంబారు పొడి కొన్నా గొడవే. ఆవిడ అత్తగారు, ఒక మాట అనే హక్కు నాకంటే ఆవిడకే ఎక్కువ. కాఫీ తాగి, కప్పు కడిగి, గోంగూర మడికి నీళ్ళు పెట్టి వెళ్ళేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మీకేమీ అనిపించదా వదినగారూ?"

"ఎందుకనిపించదండీ? లోపల వణుకుతూనే ఉంటాను," అన్నారు. "మీకు కనబడదు, నాకు బొచ్చు లేదు కాబట్టి."

మా అమ్మాయి కాపురం ఇంత నెమ్మదిగా సాగడానికి ఎవరి ఊరుకోవడం కారణమో నాకు తెలుసు. ఆవిడ ఉండగా ఆ మాట చెప్పవలసిన పని పడలేదు. ఇప్పుడు చెప్పాలని ఉంది.

ఆవిడ పోయిన మర్నాడు పరామర్శకి వచ్చినవాళ్ళలో ఎవరో, "ఇదేనా కాటుక?" అన్నారు. పెరటి తలుపు తెరిచి ఉంది. అది బాణంలా బయటికి పోయింది. కంచె వెంబడి ఆ చివర నుంచి ఈ చివరికి వాసన పట్టుకుంటూ వెతికింది. అక్కడ ఏమీ పడలేదు. అది మాత్రం వెతకడం మానలేదు. చివరికి గోంగూర మడిలోంచి ఒక గ్లౌజు పట్టుకొచ్చింది, ఆవిడ తోటపని గ్లౌజు. మట్టికాళ్ళతో గడప దాటి, అందరి మధ్య నుంచీ నడిచి, ఎవరి ఎడమ పక్కన కూర్చోవాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయింది. అల్లుడు చెయ్యి చాపాడు, ఇవ్వలేదు. మా అమ్మాయికీ ఇవ్వలేదు. నేను "ఇవ్వు" అన్నాను. నా వైపు చూసింది, ఇవ్వలేదు.

అందుకే ఆవిడ పేరు ఈ వ్యాసంలో రాయలేదు. పేరు పలికితే ఎవరో ఒకరు లేచి వెతుకుతారు.

క్లబ్బు పెద్దాయనకి ఓక్లహోమాలో పొలం, చెరువు, తోడు కుక్కలు ఉన్నాయి. కాటుకని తీసుకుంటానని మంచి మనసుతో కబురు పంపారు.

"మీకు ఇంట్లో కుక్క పడదు కదా అత్తయ్యా, మేమిద్దరం ఆఫీసుకి పోతాం. అక్కడైతే దానికి పని ఉంటుంది," అన్నాడు అల్లుడు.

"శనివారం పరీక్షకి మీ అమ్మ దాని పేరు ఇచ్చింది. ఇంకొక్క పాసు వస్తే దానికి టైటిల్ వస్తుంది. ముందు అది కానివ్వు."

"గీత దగ్గర ఎవరు నిలబడతారు?"

"తెలుగు వచ్చినవాళ్ళు. క్లబ్బులో ఇంకెవరికి వచ్చు?"

అల్లుడు అన్ని రోజుల తరవాత మొదటిసారి నవ్వాడు.

ఈ వారం మా అమ్మాయి సెలవు పెట్టి, నా తెల్ల కోటు తొడుక్కుని, అవతలి గట్టు మీద నిలబడి విసిరింది. ఆవిడ నిలబడే చోట నేను నిలబడ్డాను. పేరు పలికితే కాటుక వెళ్తోంది. వెతికి పట్టుకుంటోంది. తిరిగి వస్తోంది. కానీ నాకు కాస్త దూరంలో ఆగిపోయి, నన్ను దాటి, వెనక కార్లు ఆగే వైపు చూస్తోంది. నోట్లోది వదలడం లేదు. చేతికి ఇవ్వకపోతే పరీక్ష పాసు కాదు.

కాబట్టి జరగవలసినవి ఇవి.

1. ఆవిడ ఫ్రీజర్ మా గరాజ్‌లోకి మారాలి. ఇది అల్లుడి పని. మునక్కాయలు కింద అరలోనే ఉండాలి.

2. క్లబ్బు పెద్దాయనకి కృతజ్ఞత చెప్పి, కుక్క మా ఇంట్లోనే ఉంటుందని తెలపాలి. ఇది నా పని. శనివారం ఏమైనా సరే, ఈ మాట మారదు.

3. చూడ్డానికి వచ్చేవాళ్ళు రావచ్చు. పులిహోర తేవచ్చు. కుర్చీలు బాగా వెనక వేసుకోవాలి. దాని పేరు ఎవరూ పలకకూడదు, ముద్దుకి కూడా.

4. ఆ గ్లౌజు దాని పడక మీదే ఉండాలి. ఎవరూ ఉతకకూడదు.

5. బాతు పడ్డాక జడ్జి చెప్పేదాకా నేను ఆగాలి. ఒక ఊపిరి తీసుకుని ఒక్కసారే పేరు పలకాలి. అది తీసుకొస్తుంది. వచ్చి, దూరంగా ఆగి, కార్ల వైపు చూస్తుంది. చూడనివ్వాలి. నాకూ అటే చూడాలని ఉంటుంది. అడగకుండా, ఎంతసేపైనా సరే, చెయ్యి చాపి ఉంచాలి.