లెక్కల టీచరుగారి తప్పులు

మా బళ్లో లెక్కల టీచరుగారు బోర్డు మీద తప్పు చేయకుండా పాఠం ముగించిన రోజు లేదు. అవి చిన్నాచితకా తప్పులు కావు. ఏడెనిమిదులు యాభై నాలుగని ఇంతేసి అక్షరాలతో రాసి, దర్జాగా పిల్లల వైపు తిరిగేవారు. ఎవరైనా లేచి "టీచర్, యాభై ఆరు" అంటే ఒక పట్టాన ఒప్పుకునేవారు కారు. నడుం మీద చెయ్యి వేసుకుని వాదించేవారు. చివరికి ఓడిపోయి, సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టి, వెళ్ళి ఆ పిల్ల చోట్లో కూలబడేవారు.

"మిగతా పాఠం నువ్వే చెప్పు తల్లీ. నాకు తల తిరుగుతోంది."

పక్క గదిలో నేను చరిత్ర చెప్పేవాణ్ణి. మా మధ్య గోడ ఉందంటే ఉంది. నేను చెమటలు కక్కుతూ ఒక మహారాజుని సింహాసనం దాకా తీసుకొస్తే, సరిగ్గా అప్పుడే అవతల నుంచి "తప్పు! తప్పు!" అని కేకలు వినిపించేవి. పాపం, మహారాజు మెట్ల మీదే ఆగిపోయేవాడు.

ఒకసారి పై నుంచి తనిఖీ అధికారి వస్తున్నారని తెలిసి హెడ్మాస్టరు ఆవిడని బతిమాలారు.

"అమ్మా, ఈ ఒక్క పూటా ఒప్పులు చెప్పండి."

"ప్రయత్నిస్తానండీ. మాట మాత్రం ఇవ్వలేను."

అధికారి వచ్చి కూర్చున్నారు. ఆవిడ త్రిభుజం గీసి, మూడు కోణాలూ కలిపితే రెండు వందల డిగ్రీలన్నారు. ఆయనకి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి. క్లాసు క్లాసంతా లేచి ఆవిడ మీద పడింది. ఆయన వెళ్తూ వెళ్తూ, "పిల్లలు బాగున్నారు. టీచరుని మార్చండి" అన్నారు. మార్చడానికి హెడ్మాస్టరుకి చేతులు రాలేదు. లెక్కల్లో తప్పేవాళ్ళు తగ్గింది ఆవిడ వచ్చాకే. అదెలాగో ఆయనకి అంతుపట్టలేదు, నాకూ పట్టలేదు.

తొమ్మిదో తరగతిలో ఒక పొడుగుజడ పిల్ల ఉండేది. హాజరు పలకడం తప్ప ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. అర్ధసంవత్సరం పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోయింది. దొరకడమంటే మామూలుగా కాదు. ముందు బెంచీ పిల్ల ఒక లెక్క రాసి కొట్టేస్తే, ఈ పిల్ల కూడా అదే లెక్క రాసి, అక్కడే కొట్టేసింది.

హెడ్మాస్టరు స్టాఫ్ రూములోనే విచారణ పెట్టారు.

"ఎందుకు చూసి రాశావు?"

"నా అంతట నేను రాస్తే తప్పులే వస్తాయి సార్."

"రేపు పొద్దున్న బడి మొత్తం ముందు నిలబెడతాను. అప్పుడు తెలుస్తుంది."

లెక్కల టీచరుగారు ఆ జవాబు కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నారు.

"ఇక్కడేదో రబ్బరుతో చెరిపావేంటే?"

"నేను చేసిన లెక్క టీచర్. ముందు బెంచీ పిల్లది వేరేగా ఉందని చెరిపేశాను."

"అయ్యో పిచ్చి మొద్దూ! నీదే ఒప్పు. ఒప్పు చెరిపేసి దాని తప్పు ఎక్కించుకున్నావు!"

ఆ పిల్ల జాలిగా ఆవిడ వైపు చూసింది.

"కాదులెండి టీచర్. మీరు మళ్ళీ పొరబడుతున్నారు."

నేను నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ నవ్వలేదు. జీవితంలో మొదటిసారి ఒప్పు చెప్తే నమ్మే దిక్కు లేదు.

"కాపీకి సున్నా వేస్తాను, అందులో బేరం లేదు" అన్నారు చివరికి. "కానీ సార్, అందరి ముందూ నిలబెట్టకండి. తల దించుకోవడం ఈ పిల్లకి కొత్తగా నేర్పక్కర్లేదు."

హెడ్మాస్టరు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మర్నాడు నాకు ఖాళీ పీరియడు. వరండాలో నిలబడి చూస్తున్నాను. ఆవిడ బోర్డు నిండా పొడుగాటి లెక్క వేశారు. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంది. బ్రాకెట్టు తీసేటప్పుడు లోపలి గుర్తులు మార్చాలి. ఆవిడ మార్చలేదు. రోజూ ఎగిరిపడే తెలివైన పిల్లలు కూడా బుద్ధిగా పుస్తకాల్లోకి దించేసుకుంటున్నారు. ఆవిడ చీర కొంగుతో చేతి సుద్ద తుడుచుకుంటూ, ఎన్నడూ లేనంత తీరిగ్గా నిలబడ్డారు. వెనక బెంచీలో ఒక చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది.

"ఏమే పొడుగుజడా, చెవి దురదా?"

"కాదు టీచర్... అక్కడ గుర్తు మారాలేమో."

"ఎందుకు మారాలి? నేను మార్చను!"

"మారాలి టీచర్! ముందు మైనస్ ఉంది కదా!"

ఆ గొంతుకి ముందు బెంచీలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాయి. టీచరుగారు యథావిధిగా పోట్లాడి, యథావిధిగా ఓడిపోయి, వెళ్ళి వెనక బెంచీలో కూలబడ్డారు.

స్టాఫ్ రూములో ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమండీ, నిజం చెప్పండి. మీకు లెక్కలు వచ్చా, రావా?"

"ఒప్పు చెప్పడానికేముందండీ, పుస్తకంలోనే ఉంటుంది" అన్నారావిడ టీ చల్లార్చుకుంటూ. "తప్పు చేయడమే కష్టం. ఎవరికి ఏ తప్పు అందుతుందో చూసి చేయాలి. ఈ పిల్లకి బ్రాకెట్లు వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, దానికే తెలీదు. మిగతావాళ్ళు ఎక్కడ ముందే పట్టేస్తారోనని ప్రాణం గిజగిజలాడిందనుకోండి!"

తర్వాత పరీక్షలో ఆ పిల్లని ఒంటరిగా కిటికీ పక్కన కూర్చోబెట్టారు. సగానికి కాస్త పైన మార్కులొచ్చాయి. కాగితం పట్టుకుని స్టాఫ్ రూములోకి పరిగెత్తుకొచ్చింది. హెడ్మాస్టరు అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇన్ని తప్పులున్నాయేంటి?"

"అన్నీ నావే సార్!" అంది ఆ పిల్ల, తల ఎత్తి.