తెలుపు దగ్గర తగవు

నెల్లూరు జిల్లా కోట ఊళ్ళో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. చుట్టుపక్కల ఫోటో స్టూడియోల వాళ్ళు పెళ్ళి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చిస్తారు. నేను వాటి రంగులు సరిదిద్ది, ఆల్బం పేజీలు కట్టి నెల్లూరు ల్యాబ్‌కు పంపితే అక్కడ అచ్చయి వస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. కెమెరాలు పట్టేవాళ్ళు మారారు గానీ "రంగంటే అక్కదే" అనే మాట మారలేదు. ఆ మాట నాకు అన్నం పెట్టింది. కాస్త పొగరూ పెట్టింది, కాదనను.

నిరుడు ఆ మాటకే ఎసరు వచ్చింది. వరసగా మూడు ఆల్బంలు తిరిగొచ్చాయి. మా చర్చి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తెల్లచీర కడుతుంది. ఆ తెల్లచీరలన్నీ నీలిమందు ఎక్కువైన బట్టల్లా నీలంగా వచ్చాయన్నారు. మూడోది పట్టుకొచ్చిన స్టూడియో ఆయన మర్యాదగానే చెప్పాడు.

"అక్కా, ఇదొక్కటి సరిచేసియ్యి. మళ్ళీ ఇట్టనే వస్తే నేను నెల్లూరులో చేయించుకుంటా. ఏమనుకోబాక."

ఆయన పోతే మిగతావాళ్ళూ ఆయన వెనకే పోతారు. నాకు చేతనైన పని ఇంకోటి లేదు.

తప్పెక్కడుందో నాకు అర్థమైపోయిందనే అనుకున్నాను. ఫోటో తెరవగానే మానిటర్‌లో చీర పసుపుగా కనిపిస్తోంది. నేను నీలం కలిపి తెలుపు చేస్తున్నాను. అంటే మానిటరే లేని పసుపు చూపిస్తోంది, దాన్ని నమ్మి నేను మోసపోతున్నాను. కారణం ఉప్పుగాలి. సముద్రం పక్కన బతికే మాకు ఏది పాడైనా మొదట గుర్తొచ్చేది అదే. ఫ్యాను ఆగినా, గేటు తుప్పుపట్టినా, టీవీలో బొమ్మ పోయినా ఉప్పుగాలి మీదికి నెట్టేసి ఊరుకుంటాం. నేనూ నెట్టేశాను.

నెల్లూరు నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించాను. తల నెరిసిన మనిషి, నిదానస్తుడు. సాయంత్రమైతే స్క్రీన్‌ను పసుపు చేసే సెట్టింగు ఒకటి ఉంటుందట, అది ఆపే ఉంది. కేబుల్ మార్చాడు. మానిటర్ సెట్టింగులన్నీ చెరిపేసి, కొత్తలో ఎలా ఉండేవో అలా పెట్టాడు. గోడకున్న ఆకుపచ్చ సున్నం ఛాయ స్క్రీన్ మీద పడుతుందని కిటికీ తెర లాగాడు. చివరికి రంగులు కొలిచే చిన్న పరికరాన్ని స్క్రీన్‌కు తగిలించి, దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు ఒకటొకటిగా నడిపించాడు.

"మానిటర్ బాగుండాది మేడం. తెలుపు తెలుపుగానే ఉండాది."

"నా కంటికి పసుపు కనిపిస్తా ఉంటే బాగుండాదంటారేంది? మీ మిషన్‌కే ఉప్పుగాలి తగిలింటాది."

ఆయన నవ్వి, పరికరాన్ని పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. వరండాలో కూర్చుని అంతా విన్న మా ఆయన "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ కథ" అన్నాడు. ఆ పూట ఆయనకు చారుతోనే సరిపెట్టాను.

మర్నాడు ఆ మూడో ఆల్బం పెళ్ళికూతురి తల్లి వచ్చింది. మా చర్చిలో నాకు రెండు వరసల ముందు కూర్చుంటుంది. పెళ్ళిచీరనే కవర్లో పెట్టి తెచ్చింది.

"ఇదక్కా నా బిడ్డ చీర. దీన్ని జూసి చెయ్యి."

గుమ్మంలో ఎండ వెలుగుకు చీర మడత విప్పాం. చూడగానే ప్రాణం లేచొచ్చింది. చీర లేతపసుపు.

"చూడమ్మా, చీరే పసుపు! బీరువాలో పెట్టి పసుపెక్కించుకుని నన్నంటే ఎట్టా?"

ఆమె చీరను చూసింది, నన్ను చూసింది. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. మెల్లగా అడిగింది.

"ఏందక్కా అట్టంటావు? పాలమాదిరి ఉండాది గదా."

సాక్ష్యానికి మా ఆయన్ని పిలిచాను. వచ్చి చూశాడు. ఎప్పుడు దొరుకుతానా అని కాచుకునే మనిషి, ఈసారి వెక్కిరించకుండా "తెల్లగానే ఉండాది" అన్నాడు.

కుడికన్ను మూసి చూశాను. ఎడమకన్ను మూసి చూశాను. ఒక కంటికి లేతపసుపు, రెండో కంటికి ముదురుపసుపు. ఒకే చీర రెండు రంగులు ఎలా అవుతుంది? పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని ఎంతమందిని వెక్కిరించానో నేను! రెండు కళ్ళలోనూ శుక్లాలని తర్వాత నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్‌తో పోతాయంది. కానీ ఆ గుమ్మంలో నాకు పట్టుకున్న భయం కళ్ళ గురించి కాదు. తిరిగొచ్చినవి మూడు. మొహమాటపడి తిరిగి తేనివాళ్ళు ఎందరు? ఎందరి పెళ్ళిళ్ళను నేను నీలం చేసి బీరువాల్లోకి పంపాను?

ఇంకో కుర్చీ తెచ్చి మానిటర్ ముందు వేశాను. ఇరవై ఏళ్ళలో అక్కడ నా పక్కన ఎవరినీ కూర్చోనియ్యలేదు.

"నువ్విక్కడ కూర్చోమ్మా. నేను రంగు జరుపుతా ఉంటా. నీకు చీర తెల్లగా కనిపించినప్పుడు ఆగమను."

ఆమె బెరుగ్గానే కూర్చుంది. నేను కలిపిన నీలమంతా కొంచెం కొంచెంగా తీసేస్తూ వచ్చాను.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగక్కా! అదే నా బిడ్డ చీర."

నా కంటికి మాత్రం తెరమీద పెళ్ళికూతురు పసుపునీళ్ళలో ముంచిన చీరతో నిలబడి ఉంది. నీలం కలపడానికి నా చెయ్యి దానంతటదే లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని, ఫోటోను అలాగే నెల్లూరికి పంపేశాను.