గుమ్మం దాకా వచ్చిన మోత

మా మావయ్య పోయారని బ్రాడీపేటలో ఆటో దిగుతుండగా ఫోన్ వచ్చింది. సరేనని పెట్టేసి, కోచింగ్ సెంటర్‌లో క్లాసు పూర్తిగా చెప్పి, అప్పుడు ఊరికి బయలుదేరాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

మీకు ఆయన తెలియదు. పురుగుమందుల కొట్టు, కాస్త మిరప చేను, ఇంట్లో ఒక పాటల గది, అదీ ఆయన లోకం. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి పేము కుర్చీలో కూర్చుని స్పీకర్లలో మృదంగం వినేవారు. తాళానికి ఊగుతుంటే కుర్చీ కిర్రుమనేది. అత్తయ్య గుమ్మం దగ్గర పీట మీద మిరపకాయల తొడిమలు తీస్తూ వినేది. ఘాటుకు ఆయనకు దగ్గొస్తుందని లోపలికి వచ్చేది కాదు.

ఒకరోజు, "ఏవండీ, ఆ మృదంగం ఆయన ఎడం చేత్తో వాయించట్లేదా? నాకు వినపట్టంలా" అంది.

మావయ్య లేచి వెళ్లి ఆ పీట మీద కూర్చున్నారు. నిజమే. కుర్చీ దగ్గర గుండెకు తగిలే ఎడమ వైపు లావు మోత గుమ్మం దగ్గర లేనే లేదు. ముందు మిరప టిక్కీల గోనెసంచుల్లో పత్తి కుక్కి మూలల్లో నిలబెట్టారు. మాకు తుమ్ములు వచ్చాయి గానీ మోత దారికి రాలేదు. అప్పుడు లావు మోత పలికే సబ్‌వూఫర్ పెట్టె రెండోది కొన్నారు. మెల్లగా నాలుగయ్యాయి. చుట్టాలంతా పిచ్చి ముదిరిందన్నారు.

"నాలుగెందుకు మావయ్యా, ఇల్లు కూలుద్దామనా?" అన్నాను.

"మోత పెంచటానిక్కాదమ్మాయ్. చేలో నీళ్లు ఒక్కచోట నుంచే వదిలితే ఒక మడి మునుగుద్ది, ఇంకోటి ఎండుద్ది. నాలుగు వైపుల నుంచి కాస్త కాస్త వదిలితే సమంగా పారుద్ది" అన్నారు.

ఆయన పద్ధతి చూస్తే నవ్వొచ్చేది. పెట్టెను వినేవాళ్ల చోట కూర్చోబెట్టి, మోగిస్తూ, తను గోడల వెంట మోకాళ్ల మీద పాకేవారు. ఎక్కడ మోత చక్కగా వినపడితే అక్కడ సుద్దతో గీత గీసి, పెట్టెను తెచ్చి ఆ గీత మీద పెట్టేవారు. ఓపికగా వినడం నాకు అలా అబ్బింది. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయన్ను ఆ గదిలో పడుకోబెట్టడానికి పెట్టెలన్నీ వరండాలోకి జరిపారు. తీసుకెళ్లాక, ఆనవాయితీ ప్రకారం గది కడిగారు. గీతలన్నీ పోయాయి.

కర్మలయ్యాక అత్తయ్య మృదంగం ఒకసారి పెట్టమంది. పెట్టెలు గుర్తున్నచోట సర్ది మోగించాను. పీట మీద కూర్చుని కాసేపు విన్నది.

"రావట్లేదమ్మా. మళ్లీ మొదటికొచ్చింది."

ఆమెను లేపి ఒక పెట్టెను పీట మీద పెట్టాను. గోడల వెంట పాకాను. పెట్టెలు మార్చి మార్చి పెట్టాను. మోకాళ్లు మండాయి. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు తెలిసిన నొప్పి అదొక్కటే.

"ఆఁ, వచ్చింది" అంది చివరికి, మళ్లీ పీట మీద కూర్చుని. "ఆయన కుర్చీక్కూడా చూడు" అంది.

ఒక పెట్టెను కుర్చీలో పెట్టి మళ్లీ పాకాను. మంచి చోటు దొరికింది. గీత గీసి, పెట్టెను దించబోయాను.

"దించమాక. ఇయ్యాల్టికి ఉండనీ."

ఉంచేసి బయటికి వచ్చాను. అత్తయ్య పీటను కుర్చీ వైపు తిప్పుకుని మిరపకాయల చాట దగ్గరికి లాక్కుంది. మృదంగం ఎడమ వైపు దెబ్బ పడినప్పుడల్లా, ఖాళీ గదిలో పెట్టె అదురుకు పేము కుర్చీ కిర్రుమంటూనే ఉంది.