మా మందకు ఇంగ్లిష్ పేర్లు

బ్యాంకు పరీక్షలో నన్ను రెండుసార్లు ముంచింది ఇంగ్లిషే. లెక్కలు ఒడ్డుకు చేరుస్తుంటే, ఏ మనిషీ నోటితో అనగా వినని మాటలు కాళ్ళు పట్టి లాగేవి. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ అయ్యాక కోస్గి దగ్గరి మా ఊరికి వచ్చి, ఫోన్లో చూసి కొత్త మాటలూ అర్థాలూ బట్టీ పట్టేదాన్ని. పొద్దున నేర్చింది సాయంత్రానికి ఆవిరైపోయేది.

బాపు చేను పనిలో ఉండేవాడు కాబట్టి, నేను అవ్వతో, అంటే మా నాయనమ్మతో, మేకల వెంట పోతూ చదువుకునేదాన్ని. ఒకరోజు ఎంత అదిలించినా దారికి అడ్డంగా నిలబడ్డ మేకను చూసి ఒళ్ళు మండి, “ఆబ్‌స్టినేట్” అని తిట్టాను.

“గదేం తిట్టే?” అంది అవ్వ.

“మొండిది అని.”

“మొండిది అంటే దానికి సమజ్ కాదా?”

మేకకు సమజ్ కాలేదు గానీ, నాకు మాత్రం ఆ మాట మళ్ళీ మరపు రాలేదు. ఇక ఆగుతానా? గుణం చూసి పేరు పెట్టడం మొదలుపెట్టాను. ఎంత మేసినా ఆబ తీరనిది వొరేషియస్. కొమ్ములు దించి కయ్యానికి వచ్చేది బెలిజరెంట్. ఎండ కాస్త ఎక్కితే చతికిలబడేది లెథార్జిక్. ప్రతి పేరుకూ అవ్వ అర్థం అడిగి, నచ్చితే ఒప్పుకునేది, నచ్చకపోతే మార్పించేది. కొన్నాళ్ళకు, “వరేసా, గా కంది చేన్ల మూతి పెట్టకు” అని అవ్వ కేకలేస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాకు భలే ముచ్చటగా ఉండేది.

ఒక నల్ల పోతుపిల్ల మాత్రం అవ్వ కొంగు వదిలేది కాదు. ఆమె కూర్చుంటే పక్కన కూర్చునేది, లేస్తే లేచేది. దానికి ఇన్‌సెపరబుల్ అని పెట్టి, పిలిచాను. చెవులు రిక్కించి చూసింది. అవ్వ ఆ రోజు అర్థం అడగలేదు.

“దానికెందుకు పెట్టినవే పేరు?” అంది. “నీకు నౌకరి వస్తే ఎల్లమ్మకు ఇస్తనని మొక్కిన.”

మా ఇంట్లో మొక్కిన పోతుకు చెవి కొస కత్తిరిస్తారు, పేరు పెట్టరు. పేరు పెట్టి పిలిచినదాన్ని కోయడానికి చేతులు రావు. హాస్టల్లో ఉండి ఉండి ఆ పద్ధతే మరిచిపోయాను. తెగిన చెవి కళ్ళ ముందే ఉన్నా తట్టలేదు.

“పేరు తీసేద్దామా అవ్వా?”

“ఎట్ల తీస్తవ్? అది పలుకుతాంది గద.”

ఆ తర్వాత చదువు చేదైంది. నేను పాసైతే అది పోతుంది. చదువుతుంటే వచ్చి ఫోన్ నాకేది, తోసేద్దామంటే చెయ్యి ఆడేది కాదు. ఏడుపొచ్చేది. అయినా చదవడం మానలేదు. నాకు ఉద్యోగం కావాలి, అబద్ధమెందుకు?

పరీక్షలో బెలిజరెంట్ అన్న మాట వచ్చింది. కొమ్ములు దించుకుని మీదికొస్తున్న మా మేకే కనిపించి, నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాను. ఉద్యోగం వచ్చింది, నల్గొండలో. ఇల్లంతా సంబరం. అవ్వ మాత్రం పోతును పక్కన పడుకోబెట్టుకుని దాని వీపు నిమురుతూ ఉండిపోయింది.

మొక్కు రోజున బోనంతో, పోతుతో ఎల్లమ్మ గుడికి పోయాం. దాని నుదుట పసుపు కుంకుమ, మెడలో వేపమండలు. పోతు మీద నీళ్ళు చల్లినప్పుడు అది ఒళ్ళు దులుపుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఇక వెనక్కి తిరగడం ఉండదు. ఆ నీళ్ళ చెంబు అవ్వ చేతిలో ఉంది. ఎంతకీ వంచడం లేదు.

“పొద్దెక్కుతాంది, చల్లు అమ్మా,” అన్నాడు బాపు.

అవ్వ నా వైపు తిరిగింది. “దీని పేరుకు అర్థమేందే? తల్లికి చెప్పు.”

నేను పోతు వైపు చూశాను. అవ్వ చూపు తిప్పుకోలేదు.

“విడదీయరానిది, తల్లీ,” అన్నాను, గుడి వైపు చూస్తూ.

“ఇన్నవా?” అంది అవ్వ అమ్మవారితో. “కోడిని తెచ్చి ఇస్త. కోపమొస్తే నా మీద తీర్చుకో, పిల్లను ఏమనకు.”

చెంబు వంచి, ఆ నీళ్ళు పోతుకు తాగించింది.