దస్తగీర్ కొట్టిన హాజిరీ

శాలిబండ మొత్తం మీద దస్తగీర్ అంత భయస్తుడు లేడు. కరెంటు ఆఫీసులో హెల్పరు నౌకరీ, కరెంటంటేనే వణుకు. ఇంట్లో బల్బు మార్చాలంటే భార్య రాబియా స్టూలెక్కేది. ఈయన కింద స్టూలు పట్టుకుని "పైలం, పైలం" అని జపం చేసేవాడు. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, పళ్ళ డాక్టరంటే చెప్పనే అక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, ఊరు ఈయన్ని చూసి భయపడేది. ఆరడుగుల మనిషి, నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, రింగుల జుట్టు. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో చేరిన ఒక సిద్దీ సవారుకు మనవడు. కొత్త బస్తీలో మీటరు చూడ్డానికి తలుపు కొడితే లోపలివాళ్ళు గొళ్ళెం పెట్టేసేవాళ్ళు. లోపలివాళ్ళకీ వణుకే, బయట ఈయనకీ వణుకే.

అలాంటి మనిషి ముప్పై దాటాక మర్ఫా పార్టీలో చేరతానన్నాడు.

పోలీసు యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయాక ఆ గుర్రపు దళం లేకుండా పోయింది. జీను మీద పెరిగినవాళ్ళు వాచ్‌మన్లయ్యారు, లారీ డ్రైవర్లయ్యారు, కబాబ్ బండ్లు పెట్టుకున్నారు. చేతిలో మిగిలినవి డోళ్ళు, ఆ దరువు మీద కలిసి వేసే అడుగులు. పెళ్ళి బరాతుల ముందు చెక్క కత్తులు తిప్పుతూ వాయించి ఆడే ఆ జట్టే మర్ఫా పార్టీ. పేరుకే పార్టీ. అందులో చేరినవాడు చచ్చేదాకా అందరికీ అన్నో తమ్ముడో. దస్తగీర్ నాయిన అందులో ముందు వరసలో వాయించేవాడు. ఆయన పోయాక ఇల్లు మూగబోయింది. ఆ చప్పుడు లేకపోవడానికి కూడా దస్తగీర్ భయపడ్డాడేమో మరి.

ఊరికే చేర్చుకోరు. కొత్తవాళ్ళు ఇద్దరిద్దరుగా రావాలి. ఆ ఇద్దరూ జోడీదార్లు: ఒకే పళ్ళెంలో తినాలి, ఒకడు తప్పు చేస్తే శిక్ష ఇద్దరికీ. దస్తగీర్‌కి జోడీగా పడ్డవాడు అంజన్న, గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మేవాడు. సిద్దీ కాదు గదా అని ఒకరిద్దరు గొణిగారు. "వాని చేతిల దరువున్నది. ఇంకేం గావాలె మీకు?" అన్నాడు పార్టీ పెద్ద బాబూమియా. గొణుగుడు ఆగిపోయింది.

ఏడాది పాటు ఇద్దరూ డోళ్ళు మోశారు, పెద్దలకు చాయ్ తెచ్చారు, తిట్లు తిన్నారు. పాత సవారుల పేర్లు, వాళ్ళ గుర్రాల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. తప్పితే గుర్రంలా సకిలిస్తూ గల్లీ చుట్టి రావాలి.

"మీ తాత గుర్రం పేరేందిరా?" అని గద్దించాడు బాబూమియా.

"షబ్నం, దాదా."

"షబ్నం మీ నానమ్మరా గాడిదా! గుర్రం పేరు చెప్పు!"

అంజన్న కిసుక్కున నవ్వాడు. ఆ సాయంత్రం గల్లీలో రెండు గుర్రాలు సకిలించాయి.

వీటన్నిటికీ దస్తగీర్ ఓర్చుకున్నాడు. నిద్ర పట్టనివ్వనిది ఒక్క హాజిరీ. అదొక దరువు. పెళ్ళిళ్ళలో వాయించరు. నేర్పేటప్పుడు కూడా డోలు మీద కాదు, తొడ మీద కొట్టి నేర్పుతారు. జోడీదారు ప్రాణం మీదికొస్తేనే అది డోలెక్కాలి. అది వినబడ్డాక ఎవరు ఏ పనిలో ఉన్నా, చేతిలో ఏదుంటే అది పట్టుకుని ఉరికి రావాలి.

"ఉత్తగ కొట్టినోడు మాకు తమ్ముడు కాడు. మల్ల ఈ గడప తొక్కద్దు," అన్నాడు బాబూమియా.

డెబ్బైల చివర్లో సంగతి. ఊళ్ళో గొడవలై, పెట్టిన కర్ఫ్యూ ఎత్తేసి ఎన్నాళ్ళో కాలేదు. ఒక షట్టరు పడితే చాలు, ఎందుకని అడిగే నాథుడు లేకుండా బజారంతా పడిపోయేది. ఆ మధ్యాహ్నం దస్తగీర్ పార్టీ వాళ్ళ మేడగదిలో ఒక్కడే కూర్చుని, సాయంత్రం చాంద్రాయణగుట్టలో పెళ్ళికోసం డోలు తోలు నిప్పుల మీద కాస్తున్నాడు. అంజన్న సైకిలు మీద దండలు తేవడానికి పోయాడు.

కింద వీధిలో ఏదో ఢామ్మని పేలింది.

ధడేల్, ధడేల్‌మని షట్టర్లు పడ్డాయి. "భాగో! భాగో!" అని ఎవరో అరిచారు. చెప్పుల చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. దస్తగీర్ అప్పటికే మంచం కింద ఉన్నాడు. అక్కడ పడుకున్నాక అంజన్న గుర్తొచ్చాడు. పాక్కుంటూ కిటికీ దాకా వెళ్ళి కన్ను మాత్రం పైకెత్తాడు.

నడివీధిలో అంజన్న సైకిలు పడి ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. ఎర్రగా గులాబీ దండలు చెల్లాచెదరయ్యాయి. అంజన్న లేడు.

పిలుద్దామని నోరు తెరిచాడు. ఏమీ కాకపోతే తనకూ అంజన్నకూ ఈ గడప ఉండదు. ఏదైనా అయి ఉంటే అంజన్నే ఉండడు. గొంతు రాలేదు గానీ చేతులు వచ్చాయి. హాజిరీ కొట్టాడు.

వచ్చారు. లారీ కింది నుంచి ఒకడు పానా పట్టుకుని వచ్చాడు. కబాబ్ బండి నుంచి ఒకడు ఇనుప సీకులతో, మంగలి దుకాణం నుంచి ఇంకొకడు సగం గీసిన గడ్డంతో, మొహం నిండా నురగతో. వాచ్‌మన్లు లాఠీలతో. కిటికీ సందుల్లోంచి చూసేవాళ్ళకు కనబడింది ఒక్కటే: పొడుగాటి నల్లటి మనుషులు ఇనుము పట్టుకుని ఉరికొస్తున్నారు. మిద్దె మీద ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది. ఎవరో పోలీసులకు ఫోన్ కొట్టారు.

దస్తగీర్ డోలు మెడకు తగిలించుకుని కిందికి దిగాడు.

"యాడరా? ఎవడు ముట్టిండు మనోన్ని?" బాబూమియా రొప్పుతున్నాడు.

"దాదా... అంజన్న... గా సైకిల్..."

ఎదురుగా గుండయ్య కిరాణా దుకాణం షట్టరు జానెడు లేచింది. కింద నుంచి అంజన్న తల బయటికొచ్చింది.

"నేనీడున్న భాయ్! నా సైకిల్ టైరు పేలింది, గంతే. గుండయ్య సేటు బుగులుకు నన్ను గూడ లోపటికి గుంజి షట్టరేసిండు."

బాబూమియా దస్తగీర్ వైపు తిరిగాడు. ఏమనేవాడో గానీ, అప్పుడే మూలమలుపులో జీపు చప్పుడైంది.

"ఎవరు ఉరకద్దు," అన్నాడు బాబూమియా, పెదాలు కదపకుండా. "ఉరికితె కాలుస్తరు."

జీపు ఆగింది. తుపాకులు దిగాయి. ముందున్న కుర్ర కానిస్టేబులు తుపాకీ గొట్టం సన్నగా అదురుతోంది. ఆ అదురు ఏమిటో దస్తగీర్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకొక్క క్షణం ఇలాగే నిలబడితే ఆ గొట్టం దానంతటదే పేలుతుంది. ఇంతమందిని పిలిచింది తనే.

డోలు మీద చెయ్యేశాడు. బరాత్ దరువు. చేతుల వణుక్కి ఒక దెబ్బ కొడితే రెండు మోగాయి. ఒక అడుగు ముందుకేశాడు, తుపాకుల వైపు. వెనక బాబూమియా అడుగు కలిపాడు. పానావాడు కలిపాడు, సీకులవాడు సీకులు తిప్పాడు, నురగ మొహంవాడు గిర్రున తిరిగాడు. వరస కుదిరింది.

"బంద్ చెయ్యిండ్రి! ఏం లొల్లి ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బరాత్ సార్," దస్తగీర్ గొంతు పీలగా వచ్చింది.

"పెండ్లిపిలగాడేడీ?"

గుండయ్య షట్టరు పూర్తిగా లేచింది. అరవై దాటిన గుండయ్య, షట్టరు ముందు పడి ఉన్న గులాబీ దండ దుమ్ముతోనే మెడలో వేసుకుని, మెట్టు దిగాడు.

"నేనే సార్."

"నువ్వా? ఈ వయసులనా?"

"ఏం జేస్త సార్. దినాలు మంచిగ లేవు. ఇంట్ల ఒక్కన్నే ఉండాల్నంటె భయమైతున్నది."

ఇన్‌స్పెక్టరు ఆ దండనీ, సీకుల్నీ, నురగనీ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదు. కానీ నవ్వాపుకోవడానికి మీసం దువ్వుకుని జీపెక్కాడు. జీపు కనుమరుగయ్యేదాకా దరువు ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆగాక ఎవరూ నవ్వలేదు. బాబూమియా మెట్టు మీద కూలబడ్డాడు. దస్తగీర్ మెడలోంచి డోలు తీసి ఆయన ముందు పెట్టాడు. "తప్పైంది దాదా," అని వెనక్కి తిరిగాడు. జోడీదారు గనక అంజన్న కూడా తిరిగాడు.

"యాడికి పోతున్నర్రా ఇద్దరు?"

"ఉత్తగనే కొట్టిన గద, దాదా."

"సైకిలు కింద పడ్డది, మనిషి లేడు. ఉత్తగ ఎట్లైతది?" అన్నాడు బాబూమియా. "నేనైతే అనుమానపడుకుంట కూసునేటోన్ని. భయం లేనోనికి ఈ డోలిస్తె, ఎప్పుడు కొట్టాల్నో వానికేం ఎరుక? ఇగ డోలు నీ దగ్గర్నే ఉండని. ఎత్తుకో. చాంద్రాయణగుట్టల పెండ్లోల్లు ఎదురుచూస్తుంటరు."

అక్కడిదాకా దారి పొడుగునా పోలీసు పికెట్లున్నాయి. దస్తగీర్ రెండు చేతులా డోలు ఎత్తుకున్నాడు.

"దాదా, నేను నడుమల నడుస్త. ముంగట ఎవరన్న ఉండుండ్రి."

అతన్ని మధ్యలో పెట్టుకునే బయల్దేరారు.