పేరు తెలియని సినిమాలో మా మేనమామ

మొన్న మా అమ్మాయి అగ్గిపెట్టెంత హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చి, ఇందులో వందల సినిమాలు పడతాయి, ఏవి కావాలో చెప్పు నాన్నా అంటే, నాకు కావలసిన సినిమా పేరు నాకే తెలియదని చెప్పలేక, నీ ఇష్టం అనేశాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెన్ డ్రైవ్ కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకుని తిరగడమే పెద్ద దర్జా. నేనప్పుడు మహారాష్ట్రలోని నాందేడ్‌లో రైల్వే గుమాస్తాను. ఊళ్లో తెలుగు సినిమా ఎప్పుడో గాని ఆడేది కాదు కనుక, స్టేషన్ దగ్గర ఒక కొట్టులో పెన్ డ్రైవ్ నింపించుకుని తెచ్చి, ఇంట్లో డీవీడీ ప్లేయర్‌కు తగిలించి చూసేవాళ్లం. కొట్టాయన మరాఠీ మనిషి, తెలుగు ముక్క రాదు. సినిమాలకు తెలుగు ఒకటి, తెలుగు రెండు అని పేర్లు పెట్టి, ఇంకో సినిమాకు చోటు కలిసొస్తుందని మొదట్లో, చివర్లో వచ్చే టైటిల్స్ కత్తిరించేసేవాడు. మాకదేం పట్టేది కాదు.

చిన్న వేషాలకు మనుషులను ఎవరు, ఏం చూసి ఏరుతారో, ముక్కు చూసా నడక చూసా అని నాకు మొదటినుంచీ మహా కుతూహలం. అమ్మ కూడా హీరోలను చూసేది కాదు, వెనక నిలబడ్డవాళ్లనే చూసేది. తెలంగాణ సరిహద్దులో బాబ్లీ దగ్గరి మా అమ్మమ్మగారి ఊరినుంచి అమ్మ తమ్ముడు సినిమాల్లో చేరతానని చిన్నతనంలోనే హైదరాబాదు పోయి, మళ్లీ ఉత్తరం ముక్క రాయలేదు మరి.

తెలుగు మూడులో ఒక పంచాయతీ సీను. మాటలేమీ లేని ఒక నడివయసు మనిషి వచ్చి, అరుగు మీద దుమ్మును నోటితో ఊది, పంచె సర్దుకుని కూర్చుంటాడు. అమ్మ ఆపమంది.

“గా కూసునే తీరు సూడు కొడుకా, మా నాయిన గట్లనే ఊది కూసుంటుండె. గాడు మా తమ్ముడే.”

ఆ కాస్త ముక్కా పదిసార్లు వేయించుకుని చూసింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోతో నాకు పోలికేమీ కనిపించలేదు గాని, నిజం కావాలని నాకూ ఉండింది.

సినిమా పేరైనా కనుక్కుందామని కొట్టుకు పోతే, ఆయన దాన్ని అప్పటికే చెరిపేశాడు. ఉన్న ఒక్క కాపీనైనా భద్రపరుద్దామని పెన్ డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు పెడితే, అది ఇంగ్లీషులో ఏదో అడిగింది. పైనుంచి ఏ కాగితం వచ్చినా సరే అనడం అలవాటైన గుమాస్తాను, చదవకుండానే ఓకే నొక్కేశాను. అది అడిగింది ఫార్మాట్ చేసి చెరిపెయ్యనా అనట, మొత్తం ఖాళీ అయిపోయింది. అంతమందిలో కూర్చుని ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు.

ఇంటికెళ్లి తల వంచుకుని చెబితే అమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు.

“పోనీ తియ్. ఆనికి పని దొరికింది, బతికే ఉన్నడు. గది సాలు నాకు.”

చాలని అన్నదే గాని, అమ్మ తను పోయేదాకా ప్రతి సినిమాలోనూ వెనకవాళ్లనే చూసింది.

ఇప్పుడు ఏ సినిమా అయినా టైటిల్స్‌తో సహా ఫోన్‌లోనే దొరుకుతుంది. ఆ కాలపు సినిమాలు ఒక్కొక్కటే పెట్టుకుని, పంచాయతీ సీను వస్తుందేమోనని చూస్తాను. చివర్లో పరుగెత్తే చిన్న నటుల పేర్లను ఆపి ఆపి చదువుతాను. మేనమామ తన పేరు మార్చుకున్నాడో ఏమో, ఇంతవరకు కనబడలేదు. ఏదో ఒకరోజు కనబడతాడనే నమ్మకం నాకుంది. కనబడితే ఆ సంగతి ఎవరికి చెప్పాలన్నదే తోచడం లేదు.